ఎం.ఎస్. జబ్బుకు కొత్త మందులు వస్తున్నాయట, నిజమేనా?

నర్సింగ్ సూపరింటెండెంట్

"సిస్టర్, అమెరికాలో ఎం.ఎస్.కు కొత్త మందు కనిపెట్టారట గదా! అది మన దగ్గరికి వచ్చేదాకా ఈ ఇంజెక్షన్లు ఆపేయవచ్చా?" మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు, వారి ఇంటివారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. పేపర్లో చిన్న వార్త పడినా, సెల్ ఫోనుకు ఒక వీడియో వచ్చినా ఆ వారమంతా ఇదే ప్రశ్న. ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. ఈ జబ్బు మీద ప్రపంచమంతటా మంచి పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే. అయితే ఏ వార్తను ఎంతవరకు నమ్మాలి, ఇప్పుడు వాడుతున్న మందు సంగతి ఏమిటి, ఎవరైనా క్లినికల్ ట్రయల్‌లో చేరమంటే ఏం అడగాలి అనేవి ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

ఎం.ఎస్. అంటే ఏమిటి?

మెదడులోను, వెన్నుపాములోను, కంటి నరాల్లోను ఉండే నరపు తీగలకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రోగాల నుండి మనల్ని కాపాడవలసిన రక్షక కణాలే దారి తప్పి ఈ పొర మీద దాడి చేస్తే వచ్చేది ఎం.ఎస్. పొర పోయిన చోట మచ్చలు ఏర్పడి, ఎమ్మారైలో కనిపిస్తాయి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ జబ్బును మొదటిసారి స్పష్టంగా వివరించాడు.

మచ్చ ఎక్కడ పడితే దాన్నిబట్టి లక్షణం ఉంటుంది. ఒకరికి ఒక కన్ను మసకబారుతుంది, ఇంకొకరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కొందరికి నడక తూలుతుంది, మూత్రం ఆపుకోలేరు, చెప్పలేనంత నీరసం వస్తుంది. ఎక్కువమందిలో జబ్బు వచ్చి, కొన్ని వారాల్లో తగ్గి, మళ్లీ తిరగబెడుతుంది. కొందరిలో మాత్రం మొదటి నుండే మెల్లమెల్లగా ముదురుతూ పోతుంది.

ఇది సాధారణంగా 20 నుండి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవారి కంటె ఆడవారిలో రెండింతలు ఎక్కువ. జీడిమెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే యువకుడైనా, హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి అయినా, సంపాదన మొదలుపెట్టిన వయసులోనే ఇది వచ్చి పడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమూ కాదు.

ఒకప్పుడు దీన్ని తెల్లవారి జబ్బనీ, మన దేశంలో ఉండదనీ అనుకునేవారు. మంగళూరు నగరంలో సర్వే చేసి 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం లక్ష జనాభాలో సుమారు 8 మందికి ఎం.ఎస్. ఉంది. 2023 లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద రోగుల సంఖ్య సుమారు 29 లక్షలు.

ట్రయల్‌లో ఏం చేస్తారు?

కొత్త మందును ముందు ప్రయోగశాలలోను, జంతువుల మీద పరీక్షిస్తారు. తరువాత మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి శరీరం తట్టుకుంటుందా అని చూస్తారు. రెండవ దశలో కొన్ని పదుల నుండి వందలమంది రోగుల్లో పనిచేసే సూచనలు ఉన్నాయా అని చూస్తారు. మూడవ దశలో వందలు, వేల మందికి ఇచ్చి పాత మందుతోనో, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనో పోలుస్తారు. ఈ ఉత్తుత్తి మాత్రనే ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు తీసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ, చూసే డాక్టరుకూ తెలియకుండా ఉంచుతారు. తెలిస్తే మనసులోని ఆశ ఫలితాన్ని మార్చేస్తుంది.

ఎం.ఎస్. ట్రయల్స్‌లో ముఖ్యంగా మూడు లెక్కలు చూస్తారు: ఏడాదిలో జబ్బు ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఎమ్మారైలో కొత్త మచ్చలు ఎన్ని, అంగవైకల్యం ఎంత పెరిగింది. వైకల్యాన్ని 0 నుండి 10 వరకు ఉండే కొలబద్దతో కొలుస్తారు. 100 మీటర్లు నడవడానికి చేతికర్ర కావలసి వస్తే అది 6. 25 అడుగులు నడవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, తొమ్మిది చిన్న మేకులను రంధ్రాల్లో పెట్టి తీయడానికి ఎంతసేపు పట్టింది అని కూడా గడియారం పెట్టి చూస్తారు.

ఒక విషయం గుర్తుంచుకోండి. జ్వరం వచ్చినా, ఏప్రిల్, మే ఎండల్లో రేకుల గదిలో ఉన్నా పాత లక్షణాలే కాసేపు ఎక్కువవుతాయి. ఒళ్లు చల్లబడితే తగ్గిపోతాయి. దీన్ని జబ్బు తిరగబెట్టడంగా లెక్కించరు. కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిచిపోతే మాత్రం వెంటనే డాక్టరుగారికి చూపించాలి.

ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పు

1993కు ముందు జబ్బు తిరగబెట్టినప్పుడు స్టెరాయిడ్లు ఇవ్వడం తప్ప, జబ్బు నడకనే మార్చే మందు ఒక్కటీ ఆమోదం పొందలేదు. ఆ ఏడాది అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది. 372 మందిపై జరిగిన ట్రయల్‌లో ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి జబ్బు తిరగబెట్టడం సుమారు మూడోవంతు తగ్గింది. 1996లో గ్లాటిరామర్ ఇంజెక్షన్, 2010లో మొదటి మాత్ర ఫింగోలిమోడ్ వచ్చాయి.

మొదటి నుండీ మెల్లగా ముదిరే రకానికి మాత్రం చాలాకాలం ఏ మందూ లేదు. 2017లో ఒక్రెలిజుమాబ్‌కు అనుమతి వచ్చింది. ఆ ట్రయల్‌లో 732 మంది పాల్గొన్నారు. వైకల్యం పెరిగినవారు ఉత్తుత్తి మందు వాడినవారిలో నూటికి 39 మంది, అసలు మందు వాడినవారిలో 33 మంది. ఈ లెక్క చూస్తే "కొత్త మందు" అనే మాటకు అర్థం తెలుస్తుంది. మేలు నిజమే, కాని జబ్బు పూర్తిగా పోలేదు. ఇప్పటికి ఉన్న మందులన్నీ జబ్బును అదుపు చేసేవే. పోయిన నరాన్ని తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదు. అందుకే నరం పోకముందే మందు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక మానకూడదు.

మన హైదరాబాదులో తయారయ్యే మందులు

2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఎం.ఎస్. మందులను మొదటిసారి చేర్చింది. అవి మూడు: గ్లాటిరామర్, క్లాడ్రిబిన్, రిటుక్సిమాబ్. వీటిలో రెండు మన హైదరాబాదు కంపెనీలు తయారుచేసేవే.

గ్లాటిరామర్ కథ వింతైనది. 1960లలో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మైఖేల్ సేలా, రూత్ ఆర్నాన్, డ్వోరా టైటెల్‌బామ్ ఎం.ఎస్. వంటి జబ్బును జంతువుల్లో పుట్టించి చూద్దామని కొన్ని పదార్థాలు తయారుచేశారు. అవి జబ్బు పుట్టించకపోగా, జబ్బు రాకుండా అడ్డుపడ్డాయి. నాలుగు రకాల అమైనో ఆమ్లాల గొలుసులు రకరకాల పొడవుల్లో కలిసి ఉండే మందు గనుక దీన్ని అచ్చంగా మళ్లీ తయారుచేయడం కష్టం. హైదరాబాదులోని నాట్కో ఫార్మా ఆ పని చేసింది. నాట్కోతో కలిసి మైలాన్ కంపెనీ తెచ్చిన జెనెరిక్‌కు 2017 అక్టోబరులో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతి ఇచ్చింది.

రెండవది రిటుక్సిమాబ్. ఇది 1997లో లింఫోమా అనే క్యాన్సరుకు వచ్చిన మందు. దారి తప్పిన రక్షక కణాల్లో బి కణాలనే వాటిని తొలగిస్తుంది. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లో రెడిటక్స్ పేరుతో దీన్ని మన దేశంలో విడుదల చేసింది. ఇది తయారయ్యేది మన జీడిమెట్లకు దగ్గరలోని బాచుపల్లిలోనే. ఆ మరుసటి ఏడాదే, 2008లో, 104 మంది ఎం.ఎస్. రోగులపై జరిగిన రెండవ దశ ట్రయల్ ఫలితం వచ్చింది. 48 వారాల్లో జబ్బు తిరగబెట్టినవారు ప్లాసిబో గుంపులో నూటికి 40 మంది, రిటుక్సిమాబ్ గుంపులో 20 మంది. అయినా విదేశీ కంపెనీ మూడవ దశకు వెళ్లకుండా, దాన్ని పోలిన కొత్త మందు ఒక్రెలిజుమాబ్ వైపు వెళ్లింది. అందువల్ల రిటుక్సిమాబ్ డబ్బా మీద ఎం.ఎస్. పేరు లేదు.

పాత మందుపై పెద్ద ట్రయల్ చేస్తే కంపెనీకి లాభం తక్కువ. ఆ పనికి స్వీడన్ దేశపు డాక్టర్లు పూనుకున్నారు. 200 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రిటుక్సిమాబ్, ఇంకొక గుంపుకు డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు ఇచ్చారు. 2022లో ఫలితం ప్రచురించారు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు రిటుక్సిమాబ్ గుంపులో 3 మంది, మాత్రల గుంపులో 16 మంది. నార్వే, డెన్మార్క్ దేశాల్లో రిటుక్సిమాబ్‌ను ఒక్రెలిజుమాబ్‌తో నేరుగా పోల్చే ట్రయల్స్ కూడా చేపట్టారు. మనవంటి కుటుంబాలకు ఎంతో పనికివచ్చే పరిశోధన ఇది. ప్రపంచంలో కొత్తగా వచ్చిందే మంచి మందు అని లేదు. మనకు అందుబాటులో ఉండి, ట్రయల్‌లో నిలబడినదే మంచి మందు.

అయితే రిటుక్సిమాబ్ తేలిక మందు కాదు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు చేయాలి. కావలసిన టీకాలు ముందే వేయించుకోవాలి. మొదటి డోసు సెలైన్‌లో మెల్లగా ఎక్కిస్తూ, చలి, జ్వరం, దద్దుర్లు, బి.పి. పడిపోవడం వస్తాయేమోనని నర్సు పక్కనే ఉండి చూడాలి. ఇంటికి వెళ్లాక జ్వరం, దగ్గు వస్తే తేలికగా తీసుకోకండి.

ఇప్పటి పరిశోధనలు ఎటు వెళ్తున్నాయి?

కారణం కోసం వెదుకులాట: 2022లో సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన పరిశోధన వచ్చింది. కోటిమందికి పైగా అమెరికా సైనికుల సమాచారాన్ని 20 ఏళ్ల కాలానికి పరిశీలించారు. వారిలో 955 మందికి ఎం.ఎస్. వచ్చింది. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకిన తరువాత ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. భయపడకండి. ఈ వైరస్ ప్రపంచంలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. వారిలో బహుకొద్దిమందికే ఎం.ఎస్. వస్తుంది. అంటే వైరస్ ఒక్కటే చాలదు, ఇంకా వేరే కారణాలు కలవాలి. ఈ వైరస్‌కు టీకా కోసం ప్రయత్నాలు మొదటి దశల్లోకి వచ్చాయి.

మెల్లగా ముదిరే జబ్బుకు మాత్రలు: మెదడు లోపలికి చేరి పనిచేసే బి.టి.కె. నిరోధకాలనే మాత్రలపై పెద్ద ట్రయల్స్ జరిగాయి. ఎవోబ్రుటినిబ్ 2023లో విఫలమైంది. టోలెబ్రుటినిబ్ జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో పాత మాత్ర కంటె మెరుగు కాలేదు. కాని తిరగబెట్టడం ఆగిపోయి మెల్లగా ముదిరే దశలో ఉన్నవారిపై 2025లో ప్రచురించిన ట్రయల్‌లో, వైకల్యం పెరిగినవారు నూటికి 31 నుండి 23కు తగ్గారు. కొందరికి కాలేయం దెబ్బతిన్నది గనుక దీని విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం.

పాత మందులతో కొత్త ప్రయత్నం: మన ఇళ్లల్లో షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్‌ను ఎం.ఎస్.లో పరీక్షించే ఆక్టోపస్ అనే ట్రయల్ 2023లో బ్రిటన్‌లో మొదలైంది. అమ్మానాన్నల షుగరు మాత్రలు ఉన్నాయి కదా అని మీరు వేసుకోకండి.

విటమిన్ డి: ఫ్రాన్స్‌లో తొలి లక్షణం కనిపించిన 316 మందిపై జరిగిన ట్రయల్ ఫలితం 2025లో వచ్చింది. రెండు వారాలకొకసారి పెద్ద మోతాదు విటమిన్ డి ఇచ్చినవారిలో రెండేళ్లలో జబ్బు చురుకుదనం నూటికి 60 మందిలో, ప్లాసిబో గుంపులో 74 మందిలో కనిపించింది. ఇది మంచి వార్తే. కాని మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు. డాక్టరుగారు రాసిన మోతాదే వాడాలి.

మూలకణాలు: రోగి సొంత మూలకణాలను తీసి దాచి, కీమోథెరపీతో రక్షణ వ్యవస్థను అణచి, ఆ కణాలను తిరిగి ఎక్కించే పద్ధతిపై 110 మందితో జరిగిన ట్రయల్ 2019లో ప్రచురించారు. జబ్బు ముదిరినవారు మూలకణాల గుంపులో 3 మంది, మందుల గుంపులో 34 మంది. ఇది జబ్బు చురుకుగా తిరగబెడుతున్న కొందరికే, పెద్ద ఆస్పత్రుల్లో, ప్రాణాపాయం కూడా లెక్కలోకి తీసుకుని చేసే చికిత్స. "స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో ఎం.ఎస్. మాయం" అని ప్రకటించే చోట్లలో చేసేది ఇది కాదు. ఋజువు కాని స్టెమ్ సెల్ చికిత్సలను ఆమోదం పొందిన ట్రయల్‌లో తప్ప చేయకూడదని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికోసం పొలం అమ్మకండి.

వార్త వచ్చినంత మాత్రాన ఋజువు అయినట్టు కాదు

కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్‌వాస్టాటిన్ మాత్ర సంగతి చూడండి. 2014లో 140 మందిపై జరిగిన ట్రయల్‌లో మెదడు కుంచించుకుపోవడం బాగా తగ్గిందని వచ్చింది. అందరూ సంతోషించారు. తరువాత బ్రిటన్‌లో 964 మందిపై పెద్ద ట్రయల్ చేస్తే, వైకల్యాన్ని ఆపలేదని 2024లో తేలింది. అలాగే మెడ సిరలను బెలూనుతో వెడల్పు చేస్తే ఎం.ఎస్. తగ్గుతుందని 2009లో ఇటలీ నుండి వార్త వచ్చింది. దానికోసం విదేశీయులు మన దేశానికి కూడా వచ్చారు. సరైన పోలికతో ట్రయల్స్ చేస్తే ప్రయోజనం లేదని తేలిపోయింది.

మందు మార్కెట్లోకి వచ్చాక కూడా కనిపెట్టి ఉండాలి. నటాలిజుమాబ్‌కు 2004లో అనుమతి వచ్చింది. కొందరికి మెదడులో ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ రావడంతో 2005లో ఆపేశారు. గట్టి జాగ్రత్తలతో 2006లో మళ్లీ అనుమతించారు.

ముందు జబ్బు పేరు సరిగా తెలియాలి

మన దేశంలో ఎం.ఎస్.ను పోలిన ఎన్.ఎం.ఓ. అనే జబ్బు కూడా కనిపిస్తుంది. అది కూడా కంటినరాన్నీ, వెన్నుపామునూ దెబ్బతీస్తుంది. 2004లో దానికి గుర్తుగా ఒక యాంటీబాడీని కనుగొన్నారు. అప్పటి నుండి రక్తపరీక్షతో తేడా పట్టుకునే వీలు కలిగింది. ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ వంటి మందులు ఎన్.ఎం.ఓ.ను ఎక్కువ చేయవచ్చు. పక్కింటివారి మందు చీటీ మీకు పనికిరాదనడానికి ఇదొక్కటి చాలు.

ట్రయల్‌లో చేరమని అడిగితే?

ట్రయల్ అంటే మన తెలుగువారికి కొంత భయం ఉంది. అందుకు కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసిన ప్రాజెక్టును 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలు టీకా వల్లే జరిగాయని విచారణలో తేలలేదు. ఆ టీకాను ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది కూడా. కాని తల్లిదండ్రుల బదులు చాలా చోట్ల హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పుడు నియమాలు గట్టిపడ్డాయి. 2009 జూన్ 15 నుండి మందుల ట్రయల్స్‌ను మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. 2019 నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాక మామూలు మనిషి ఒకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇవి అడగండి:

1. ఈ ట్రయల్ రిజిస్ట్రీ నంబరు ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపిస్తారా?
2. ఇది ఎన్నవ దశ? ఇంతకు ముందు ఎంతమందికి ఇచ్చారు?
3. నాకు ప్లాసిబో వచ్చే అవకాశం ఎంత? అప్పుడు నా జబ్బు ముదిరితే ఏం చేస్తారు?
4. ఇప్పుడు వాడుతున్న మందు ఆపాలా?
5. ఎన్నిసార్లు రావాలి? ఎన్ని ఎమ్మారైలు, రక్తపరీక్షలు?
6. గర్భం వస్తే ఏం చేయాలి?
7. ట్రయల్ అయిపోయాక మందు దొరుకుతుందా?
8. అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

వివరాల పత్రం తెలుగులో అడిగి తీసుకుని, ఇంటికి తీసుకువెళ్లి చదివించుకోండి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది. మానుకున్నా మీ మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ మందుకు, ట్రయల్ పరీక్షలకు మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడ ఏదో తేడా ఉందని గ్రహించండి.

ఇంటివారు, సంఘంవారు చేయగలిగినవి

ఎం.ఎస్. రోగి నీరసం సోమరితనం కాదు. బయటికి బాగానే కనిపిస్తారు గనుక "ఏమైందమ్మా నీకు, బాగానే ఉన్నావు కదా" అంటారు. ఆ మాట వారిని చాలా బాధపెడుతుంది. ఆరాధనలో వారికి ఫ్యాను దగ్గర, బాత్‌రూముకు దారి ఉన్న వైపు చోటు ఇవ్వండి. అందరితోపాటు నిలబడలేకపోతే కూర్చోనివ్వండి. వారికోసం ప్రార్థించండి, కాని మందు మానేయమని మాత్రం ఎవరూ చెప్పకండి.

వికలాంగుల హక్కుల 2016 చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. అర్హత ఉన్నవారు మెడికల్ బోర్డు ద్వారా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో కూడా శాఖ ఉంది. ఇదే జబ్బుతో బతుకుతున్న ఇతరులను కలిస్తే ఎంతో ధైర్యం వస్తుంది. ఏటా మే 30 ప్రపంచ ఎం.ఎస్. దినం.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మందు పేరు, డోసు వేసుకున్న తేదీ, కొత్త లక్షణం వచ్చిన తేదీ, ఎమ్మారై తేదీలు అందులో రాయండి. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. కొత్త మందు గురించి విన్న వార్తను కూడా అందులోనే రాసుకుని, వచ్చినప్పుడు డాక్టరుగారికి చూపించండి. ఖర్చు భరించలేక మందు మానే పరిస్థితి వస్తే, మానకముందే వచ్చి చెప్పండి. తక్కువ ధరలో దొరికే మందుకు మార్చే వీలుందేమో డాక్టరుగారు చూస్తారు. మానేసి ఆరు నెలల తరువాత కర్ర పట్టుకుని వస్తే, ఆ నడకను తిరిగి ఇచ్చే మందు మా దగ్గరా లేదు, అమెరికాలోనూ లేదు.